విడాకుల డిక్రీ నకలు పొందు విధము
(మన సంఘపు వారాంత సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ దినము మేము మాటలాడబూనిన విషయము శుభప్రసంగము కాదు. పెండ్లి పత్రికను నలుగురికి పంచుదుము. విడాకుల కాగితమును మాత్రము పెట్టె అడుగున దాచుదుము. ఇంటిలో దాని ప్రసక్తి తెచ్చుటకే సంకోచింతుము. ఆ సంకోచమువలన ఆ కాగితము చెదలు పట్టుచున్నది, చినుగుచున్నది, కడకు కనబడకుండ పోవుచున్నది. పదియేండ్లకో ఇరువదియేండ్లకో దానితో అవసరము కలిగినప్పుడు ఎవరి నడుగవలెనో తెలియక మనవారు తిరుగుచున్నారు. గత సంవత్సరమున అట్టి యొక సోదరితో మేమును తిరిగితిమి. ఆ తిరుగుటలో మేము నేర్చుకొన్న దానిని, చేసిన పొరపాట్లను మీ ముందుంచినచో మరియొకరికి ఆ శ్రమ తప్పునని తలచి ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాము.

ఆ సోదరిది శూలగిరి దిక్కున ఒక పల్లె. తండ్రి కేంద్ర ప్రభుత్వమున చిన్న ఉద్యోగము చేసి విశ్రాంతి పొందినవాడు. తల్లి ముందే గతించినది. భర్తతో కాపురము పొసగక ఆమె పుట్టినిల్లు చేరి, తండ్రి బ్రదికియుండగనే విడాకులకై పిటిషను వేసెను. డిక్రీ వచ్చులోపల తండ్రి కన్నుమూసెను. అప్పటినుండి కుట్టుపనితో పొట్ట పోసికొనుచున్నది.

కేంద్ర ప్రభుత్వపు కుటుంబ పింఛను నియమములలో ఇట్టివారికి ఒక ఆధారము కలదు. తల్లిదండ్రులపై ఆధారపడియున్న కుమార్తె విడాకులు పొందినదైనచో, 25 ఏండ్ల వయసు దాటినను, కుటుంబ పింఛను పొందవచ్చునని 2004 లో ఉత్తరువు వెలువడినది. అయితే తల్లిదండ్రులు జీవించియుండగనే డిక్రీ వచ్చియుండవలె నను అడ్డు ఒకటి నిలిచియుండెను. 2017 జూలై నెలలో ఆ అడ్డును సడలించిరి. పిటిషను తల్లిదండ్రులలో నొకరు జీవించియుండగా దాఖలై యున్నచో, డిక్రీ వారి మరణానంతరము వచ్చినను కుమార్తెకు అర్హత కలదనిరి.

కావున ఆ సోదరికి కావలసినది విడాకులు వచ్చినవన్న మాట యొక్కటే కాదు. పిటిషను ఏ దినమున దాఖలైనదో ఆ తేదీ కావలెను. ఆ తేదీ డిక్రీ తలభాగముననే వ్రాయబడియుండును. ఆమె చేతిలో నున్నది ఒక పాత జిరాక్సు ప్రతి. అది సరిగా ఆ మడతయొద్దనే చినిగిపోయి, తేదీయు పిటిషను సంఖ్యయు రెండును కనబడకుండ పోయినవి. నెలనెలా రావలసిన కూడు ఆ మడతలో చిక్కుకొన్న దన్నమాట.

మీలో పలువురకు పింఛనుతో పని లేకపోవచ్చును. కాని మరల వివాహమాడదలచినవారికి, ఆ వివాహమును నమోదు చేయించుకొనదలచినవారికి, పాసుపోర్టులో పేరు మార్చుకొనువారికి, ఆస్తి పంపకములలో వారసత్వము తేలవలసిన పిల్లలకు, అందరకును ఇదే కాగితము కావలెను. మన రాష్ట్రమున 2009 నాటి చట్టముతో వివాహముల నమోదు నిర్బంధమైన పిదప దీని అవసరము మరింత పెరిగినది.

ఇక నకలు కోరుటకు ముందు మూడు సంగతులు తెలియవలెను. ఏ న్యాయస్థానము? ఏ సంఖ్య? ఏ సంవత్సరము? ఈ మూడును చేత నున్నచో తక్కినది సులభము. ఈ మూడును లేనిచో ఎంత తిరిగినను ఫలము లేదు.

మొదట న్యాయస్థానపు సంగతి. హిందూ వివాహ చట్టము 1955 మే 18 నుండి అమలులోనికి వచ్చినది. పెండ్లి జరిగిన చోటు, ఎదుటి పక్షము నివసించు చోటు, దంపతులు కడపట కలిసి కాపురమున్న చోటు, వీనిలో దేనిని బట్టియైనను పిటిషను వేయుటకు ఆ చట్టము వీలు కల్పించుచున్నది. 2003 సవరణ పిదప, భార్య పిటిషను వేయునపుడు తాను నివసించు చోటను వేయవచ్చును. మన హోసూరు ప్రాంతపు సంబంధములు మూడు రాష్ట్రములలో అల్లుకొనియున్నవని మీరెరుగుదురు. పిల్లను కుప్పమున కిచ్చుదుము. కోడలిని మాలూరునుండి తెచ్చుకొందుము. బెంగుళూరులో కాపురము పెట్టింతుము. అందుచేత విడాకుల కాగితము హోసూరులోనే యుండునని, కృష్ణగిరిలోనే యుండునని ముందే నిశ్చయించుకొనరాదు. అది చిత్తూరు జిల్లాలో నుండవచ్చును, కర్ణాటకములో నుండవచ్చును. సుప్రీం కోర్టు ఉత్తరువుతో ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు బదిలీ యైన పిటిషనులును కలవు.

చట్టము జిల్లా న్యాయస్థాన మనుచున్నను, మన రాష్ట్రమున సబ్ కోర్టులకును ఈ అధికార మీయబడియున్నది. కుటుంబ న్యాయస్థానములు 1984 నాటి చట్టము ననుసరించి ఏర్పడినవి; అవి ఏర్పడిన చోట ఈ వ్యాజ్యములు వానికి చేరును. ఒకే ఊరి కోర్టు ఆవరణములో మూడు నాలుగు న్యాయస్థానము లుండుటచేత, ఆవరణము తెలిసినంత మాత్రమున చాలదు. ఏ న్యాయస్థానము డిక్రీ నిచ్చినదో తెలియవలెను.

జిల్లా పేరుతోను మనవారు తికమక పడుచున్నారు. హోసూరు, కృష్ణగిరి తాలూకాలు మొదట సేలం జిల్లాలోనివి. 1965 అక్టోబరు 2 న ధర్మపురి జిల్లా ఏర్పడగా అందులో చేరినవి. 2004 ఫిబ్రవరి 9 న కృష్ణగిరి జిల్లా ఏర్పడినది. కావున తాతల కాలపు కాగితముపై సేలం జిల్లా యనియు, తండ్రుల కాలపు దానిపై ధర్మపురి జిల్లా యనియు, నేటి దానిపై కృష్ణగిరి జిల్లా యనియు ఉండును. ఊరు కదలలేదు, జిల్లా పేరే మారినది. పాత కాగితమున ధర్మపురి యని చూచి వెంటనే ధర్మపురికి బస్సు ఎక్కరాదు. ఆ న్యాయస్థానము ఏ ఊరిలో కూర్చున్నదో కాగితముననే చూడవలెను.

మరియొక సంగతి. 1955 కు పూర్వమును ఇచ్చట విడాకులు కలవు. మద్రాసు రాష్ట్రమున 1949 లోనే హిందువులకు ద్విభార్యాత్వమును నిషేధించి, విడాకుల నిచ్చు చట్టము చేయబడినది. పెద్దల కాగితములు వెదకువారు అందులో ఆ చట్టపు పేరుండుట చూచి ఆశ్చర్యపడనక్కరలేదు. క్రైస్తవ సోదరుల విషయమున 1869 నాటి చట్టము వర్తించును. దాని ప్రకారము జిల్లా జడ్జి ఇచ్చిన విడాకుల డిక్రీని హైకోర్టు స్థిరపరుపవలసి యుండెను; 2001 సవరణతో ఆ విధి తొలగినది. అంతకు ముందటి డిక్రీని వెదకువారు జిల్లా కాగితముతో పాటు మద్రాసు హైకోర్టు ఉత్తరువును కూడ వెదకవలెను.

రెండవది సంఖ్య, సంవత్సరము. హిందూ వివాహ పిటిషనులకు హెచ్.ఎం.ఓ.పి. అని పేరు పెట్టి, సంవత్సరమునకు సంవత్సరము వరుస సంఖ్య వేయుదురు. ఒక న్యాయస్థానమునుండి మరియొక దానికి బదిలీ యైనప్పుడు క్రొత్త సంఖ్య వచ్చును. మేము చేసిన మొదటి పొరపాటు ఇచ్చటనే. ఆ సోదరికి పిటిషను వేసిన చోటు మాత్రమే జ్ఞాపకమున్నది. ఆ చోట మూడు మారులు విచారించితిమి. పిటిషను నమోదైనట్లున్నది గాని డిక్రీ లేదు. నాలుగవ మారు ఒక వృద్ధ గుమాస్తా, ఆ సంఖ్య కెదురుగా నున్న చిన్న వ్రాతను చూపి, ఇది బదిలీ యైనది గదా యనిరి. ఆ వ్రాతను మొదటి దినమే చదివించుకొనియుండిన మూడు దినముల కూలి మిగిలెడిది.

సంఖ్య తెలియనివారు ముందుగా ఇల్లు వెదకవలెను. పాత సమనులు, వకీలుగారి రసీదులు, మనోవర్తి వ్యాజ్యపు కాగితములు, వీనిలో ఎచ్చటనైనను సంఖ్య కనబడును. వకీలు గతించినను వారి కార్యాలయపు కట్టలు శిష్యులయొద్ద నుండవచ్చును. ఇటీవలి వ్యాజ్యములైనచో ఇ-కోర్టుల సేవలో పక్షకారుని పేరుతోను, సంవత్సరముతోను వెదకవచ్చును. ప్రతి వ్యాజ్యమునకు సి.ఎన్.ఆర్. అను 16 అక్షరాంకముల గుర్తు ఒకటి యుండును. దానిని ఒకమారు వ్రాసికొన్నచో తక్కిన వివరములన్నియు దానివెంట వచ్చును. అయితే కంప్యూటరులు రాక పూర్వపు వ్యాజ్యము లన్నియు అందులో లేవు. వానికై ఆ సంవత్సరపు రిజిస్టరులో వెదకించుటకు దరఖాస్తు పెట్టవలెను. సంవత్సరము సరిగా తెలియనిచో, ఇటు రెండేండ్లు అటు రెండేండ్లు చూపించుకొనవలెను.

ఇక నకలు కోరు విధము. దరఖాస్తులో న్యాయస్థానపు పేరు, సంఖ్య, సంవత్సరము, ఉభయ పక్షముల పేర్లు, డిక్రీ తేదీ, కోరు కాగితము వ్రాయవలెను. తీర్పు వేరు, డిక్రీ వేరు. న్యాయాధిపతి కారణములు చెప్పి నిర్ణయించినది తీర్పు. ఆ నిర్ణయపు సారమును విధిగా వ్రాసినది డిక్రీ. రెండును కోరుట మంచిది. దరఖాస్తుపై కోర్టు ఫీజు బిళ్ళ అంటింపవలెను.

పక్షకారునకు నకలు పొందుట దయాధర్మము కాదు, హక్కు. సివిల్ ప్రొసీజరు కోడు 20 వ ఆర్డరు 20 వ నియమము, పక్షకారులు దరఖాస్తు చేసి ఖర్చు చెల్లించినచో తీర్పు, డిక్రీల ధ్రువీకృత నకళ్ళ నీయవలెనని చెప్పుచున్నది. హిందూ వివాహ చట్టమునకు 1976 లో చేసిన సవరణ మరింత ముందుకు పోయి, విడాకుల డిక్రీ నిచ్చిన న్యాయస్థానము ఇరుపక్షములకును ఒక్కొక్క ప్రతిని ఉచితముగా నీయవలెనని శాసించినది. ఈ సంగతి మనవారిలో ఎందరకు తెలియును? డిక్రీ వచ్చిన దినమున కన్నీటితోనో కోపముతోనో కోర్టు మెట్లు దిగి వచ్చుచున్నారే గాని, ఆ ఉచిత ప్రతిని అడిగి తెచ్చుకొనువారు తక్కువ.

పక్షకారులు కానివారికి మార్గము వేరు. ఎందుకు కావలెనో తెలుపు ప్రమాణపత్రముతో న్యాయాధిపతి అనుమతి కోరవలెను. గతించినవారి కాగితము కోరు బిడ్డలు మరణ ధ్రువపత్రమును, తమ సంబంధమును చూపు పత్రమును జతపరుపవలెను. ఇతరుల సంసారపు గుట్టు తెలిసికొనుటకై అడుగువారికి ఇది దొరకదు, దొరకనుకూడదు. ఈ వ్యాజ్యముల విచారణ మూసిన తలుపుల వెనుక జరుగవలెననియు, దానిని ప్రచురింపరాదనియు చట్టమే చెప్పుచున్నది. సమాచార హక్కు చట్టము క్రింద అడుగుదమని కొందరు సలహా యిచ్చెదరు. న్యాయస్థానపు కాగితముల నకళ్ళను న్యాయస్థానపు నియమముల ప్రకారమే పొందవలెనని 2020 లో సుప్రీం కోర్టు తేల్చినది. ఆ దారిన పోయి కాలము పోగొట్టుకొనవలదు.

దరఖాస్తు ఇచ్చిన పిదప మేము చేసిన రెండవ పొరపాటును వినుడు. నకలునకు ఎన్ని పుటలు పట్టునో లెక్కించి, అందుకు కావలసిన రుసుము చెల్లింపుడని సంఖ్యల జాబితాను నోటీసు బోర్డుపై అంటింతురు. గడువులోపల చెల్లింపనిచో దరఖాస్తు కొట్టివేయబడును. ఇంటికి ఉత్తరము రాదు. ఆ సోదరి వారమునకు ఒకమారు వచ్చి ఆ బోర్డు ముందు నిలుచుండి పోవుచుండెను. ఆమె తమిళమున చక్కగా మాటలాడును, గాని చదువ నేరదు. పల్లెలోని తెలుగు బడిలో ఐదవ తరగతి చదివినది. తన సంఖ్య ఆ బోర్డుపై నుండగనే, ఇంకను రాలేదని తలచి మరలిపోయెను. దరఖాస్తు కొట్టివేయబడినది. మరల మొదటినుండి పెట్టవలసివచ్చెను.

సోదరులారా, దీనికి న్యాయస్థానమును మేము తప్పు పట్టము. జాబితా అందరకు పెట్టినట్లే పెట్టిరి. తప్పు మాది. ఆమె వెంట మేమొకరము పోయి ఆ బోర్డు చదివియుండిన రెండు నెలలు ఆదా యయ్యెడివి. భాషా హక్కులనుగూర్చి సభలు చేయుదుము, తీర్మానములు పంపుదుము. రాజ్యాంగపు 350 వ అధికరణము, తన కష్టమును తెలుపు విన్నపమును రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను అధికారికి ఇచ్చుకొను హక్కును ప్రతి మనిషికి ఇచ్చినది. 1956 లో ఏడవ సవరణతో భాషాల్పసంఖ్యాకులకై ప్రత్యేకాధికారి యేర్పడిరి. ఇవి గొప్ప హక్కులే. కాని 350 వ అధికరణము విన్నపములకు వర్తించునదే గాని, న్యాయస్థానపు కాగితము తెలుగులో వెలువడు ననుటకు కాదు. మన కోర్టులలో తీర్పు తమిళమునగాని ఇంగ్లీషునగాని వచ్చును. దానిని చదివి చెప్పు మనిషి మన పెద్దలకు కావలెను. 2006 నాటి చట్టముతో బడులలో తమిళము నిర్బంధమైనందున మన పిల్లలు తమిళము చదువ నేర్చిరి. ఆ చదువును పెద్దల పనికి వినియోగించుట మన చేతిలోని పని. దానికి ఏ ప్రభుత్వపు ఉత్తరువును అక్కరలేదు.

రెండవ దరఖాస్తు ఫలించి నకలు చేతికి వచ్చినది. దానిపై వరుసగా తేదీలుండును: దరఖాస్తు పెట్టిన దినము, రుసుము కోరిన దినము, చెల్లించిన దినము, నకలు సిద్ధమైన దినము, చేతి కిచ్చిన దినము. ఇవి అలంకారమునకు కావు. అప్పీలు గడువును లెక్కించునపుడు నకలుకై పట్టిన కాలమును తీసివేయవలెనని సుప్రీం కోర్టు 1989 లో చెప్పినది. హిందూ వివాహ చట్టమున అప్పీలు గడువు 2003 సవరణకు ముందు 30 దినములు, పిదప 90 దినములు. అప్పీలు గడువు ముగియకుండ మరల పెండ్లికి ముహూర్తము పెట్టుకొనువారు ఈ మాట గుర్తుంచుకొనవలెను.

జిరాక్సు ప్రతి యుండగా ఈ శ్రమ యేల యని కొందరు మమ్ము నడిగిరి. అందులకు ఒక తెలుగు దంపతుల వ్యవహారమే సమాధానము. 1975 లో తిరుపతిలో పెండ్లియాడినవారు. భర్త అమెరికాలో మిస్సోరీ రాష్ట్రమున సెయింట్ లూయిస్ కౌంటీ న్యాయస్థానమునుండి 1980 లో విడాకుల డిక్రీ పొంది, ఇచ్చటికి వచ్చి మరల పెండ్లి చేసికొనెను. భార్య ద్విభార్యాత్వ నేరము మోపెను. వ్యవహారము సుప్రీం కోర్టు వరకు పోయినది. 1991 లో ఆ న్యాయస్థానము, మన చట్టము ఒప్పని అధికారముతోను, ఒప్పని కారణముతోను ఇచ్చిన ఆ డిక్రీ ఇచ్చట చెల్లదని తీర్పు చెప్పెను. అంతేకాక, ఆ తీర్పుయొక్క ఫోటోస్టాటు ప్రతి, కేవలము ఫోటోస్టాటు అయినందున కాక, మన కేంద్ర ప్రభుత్వ ప్రతినిధి ధ్రువీకరణ లేనందున సాక్ష్యముగా పనికిరాదని చెప్పెను. సాక్ష్య చట్టము 2024 జూలై 1 నుండి క్రొత్త పేరుతో వచ్చినను, ధ్రువీకృత నకలునకు గల విలువ మారలేదు. విదేశములందున్న మన పిల్లలకు ఇచ్చటి డిక్రీ కావలసినచో, ధ్రువీకృత నకలుపై అపొస్టీలు ముద్ర వేయించుకొనవలెను. ఆ ఒడంబడిక మన దేశమున 2005 నుండి అమలులో నున్నది.

పంచాయతిలో పెద్దల ముందు వ్రాసికొన్న విడుపు కాగితము మాట యేమి యని మరికొందరి ప్రశ్న. కులాచారము ననుసరించిన విడాకులను హిందూ వివాహ చట్టము 29 వ సెక్షను కాపాడుచున్నది నిజమే. కాని అట్టి యాచారము తమలో అనాదిగా కలదని సాక్ష్యముతో రుజువు చేయవలసిన భారము చెప్పుకొనువారిదే. స్టాంపు కాగితముపై నలుగురు సంతకములు చేసినంత మాత్రమున అది డిక్రీ కాదు. దానికి కోర్టులో నకలు దొరకదు. అట్టివారు ముందుగా న్యాయవాదిని కలిసి తమ స్థితి తేల్చుకొనవలెను. స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, షెడ్యూల్డు తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము కలదు. కోర్టులందలి న్యాయసేవా సమితి నడుగవచ్చును, 15100 సంఖ్యకు ఫోను చేయవచ్చును.

మేము చెప్పదలచిన దంతయు ఇదే. డిక్రీ పొందిన ప్రతివారును ఉచిత ప్రతిని అడిగి తెచ్చుకొనుడు. దానితో పాటు మరి రెండు ధ్రువీకృత నకళ్ళు తీసి ఉంచుడు. న్యాయస్థానపు పేరు, పాత సంఖ్య, క్రొత్త సంఖ్య, సంవత్సరము ఒక పుస్తకములో వ్రాసి ఇంటి పెద్దయొద్ద నుంచుడు. ఫైలులోని కాగితము లన్నియు కలకాలము నిలువవు. నియమము ప్రకారము కొన్నిటిని కొంత కాలమునకు తీసివేయుదురు. కావున అవసరము వచ్చినప్పుడు చూతమని కూర్చుండవలదు.

తమిళము చదువగల యువకులు, యువతులు వారమున కొక దినము కోర్టు పనులున్న మన పెద్దలకు తోడుగా పోవుటకు పేర్లిండు. అట్టివారి పేర్లు సంఘ కార్యాలయమున వ్రాసికొనుచున్నాము. చదివి చెప్పుట, దరఖాస్తు నింపుట, నోటీసు బోర్డు చూచుట, ఇంతవరకే మన పని. వారి ఇంటి సంగతులు అడుగరాదు, విన్నవి బయట చెప్పరాదు. ఈ నియమమును పాటింపలేనివారు ఈ పనికి రావలదు.

ఆ సోదరి డిక్రీ నకలును జతపరచి పింఛను దరఖాస్తు పంపుకొన్నది. నిర్ణయ మింకను రాలేదు. వచ్చునని మేము చెప్పజాలము. కాని ఈ మారు కాగితము లేదను మాటతో ఆ దరఖాస్తు మరలిరాదు. పిటిషను దాఖలైన తేదీ ఆ నకలు తలభాగమున స్పష్టముగా నున్నది. ఆ దినమున ఆమె తండ్రి జీవించియుండెను.